వెన్నుకు స్టెమ్ సెల్స్ ఎక్కించుకున్నాను: నా అనుభవం

మాది ఉద్దానం, కవిటి పక్క ఊరు. 2021 సంక్రాంతికి నాలుగు రోజుల ముందు మా తోటలోనే కొబ్బరిచెట్టు మీంచి పడ్డాను. మంచుకి మట్ట తడిసి ఉంది, చెయ్యి జారింది. పడ్డాక నొప్పి కూడా లేదు. బొడ్డు దగ్గర నుంచి కింద నాకు ఏమీ లేదు, అంతే. నలుగురు వచ్చి చేతులూ కాళ్ళూ పట్టుకుని ఎత్తి ఆటోలో కూర్చోబెట్టారు. అలా ఎత్తకూడదు. వెన్ను, మెడ కదలకుండా పలక మీద పడుకోబెట్టి తీసుకెళ్ళాలి. చెట్లెక్కి బతికే ఊళ్ళో ఈ సంగతి మాకెవరికీ తెలీదు, అందుకే మొదటే రాస్తున్నాను.

విశాఖలో ఆపరేషన్ చేసి రాడ్లు, స్క్రూలు వేశారు. కాగితం మీద టీ10, ఏషియా ఏ అని రాశారు. టీ10 అంటే వెన్నులో దెబ్బ తగిలిన చోటు, ఏషియా అంటే వెన్నుపాము దెబ్బ ఎంతో కొలిచే స్కేలు. ఏ నుంచి ఈ దాకా ఐదు స్థాయిలు. ఈ అంటే మామూలు మనిషి. ఏ అంటే దెబ్బ తగిలిన చోటుకి కింద కదలికా లేదు, స్పర్శా లేదు. డాక్టరు గారు నాన్నని పక్కకి పిలిచి నడక గురించి ఆశ పెట్టుకోవద్దని చెప్పారట. నాన్న ఆ మాట నాకు ఎనిమిది నెలలు చెప్పలేదు.

ఆ ఎనిమిది నెలల్లోనే అప్ప ఫోనులో ఒక వీడియో చూసింది. వీల్‌చైర్‌లో వచ్చిన కుర్రాడు కడ్డీలు పట్టుకుని లేచి నిలబడుతున్నాడు. స్టెమ్ సెల్స్, అంటే వేరే రకం కణాలుగా మారగల మూలకణాలు, ఎక్కించి అలా చేశామని ఉంది, కింద నంబరు. ఫోను చేస్తే చాలా మర్యాదగా మాట్లాడారు. ఎమ్మారై వాట్సాప్‌లో పంపమన్నారు, గంటలో "మీవాడికి అవకాశం ఉంది" అన్నారు. మూడు విడతలు, ఆరు లక్షలు. నాన్న అరవై సెంట్ల జీడితోట అమ్మేశారు. తిత్లీ తుపానులో కొబ్బరి పడిపోయినా నిలబడ్డ తోట అది.

ఊరు, ఆసుపత్రి పేర్లు రాయను. జరిగింది చెబుతాను. బోర్లా పడుకోబెట్టి, తుంటి ఎముకలోకి లావుపాటి సూది దించి మూలుగ తీశారు, సుమారు నూరు మిల్లీలీటర్లు. మత్తు ఇస్తామన్నారు గానీ నాకు అక్కడ అసలు స్పర్శే లేదు కదా. సూది ఎముకలోకి తిరుగుతున్న చప్పుడు మాత్రం వినబడింది. ఆ మూలుగని యంత్రంలో తిప్పి కణాలు వేరుచేసి, మధ్యాహ్నం నడుము దగ్గర వెన్నులోని నీటిలోకి ఎక్కించారు. తర్వాత మూడు రోజులు, తల ఎత్తితే చాలు పగిలిపోయేంత నొప్పి.

రెండో విడత అయి ఇంటికొచ్చాక ఒక సాయంత్రం నా కుడికాలు ఒక్కసారి ముడుచుకుని తన్నింది. నాన్న చేతిలో గ్లాసు వదిలేశారు. "కదిలింది రా బాబు, కాలు కదిలింది!" అని నా పాదం పట్టుకుని ఏడ్చారు. అమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టింది. ఫోను చేస్తే వాళ్ళు కూడా మంచి సూచనే అన్నారు. అది స్పాజం. మెదడు ఆజ్ఞ అందకపోయినా, దెబ్బకి కింద ఉన్న వెన్నుపాము తనంతట తాను కండరాన్ని బిగిస్తుంది. ఏ చికిత్సా తీసుకోని వాళ్ళకీ వస్తుంది. ఆ సంగతి ఆరోజు మాకు తెలిసి ఉంటే మూడో విడతకి వెళ్ళేవాళ్ళం కాదు.

మూడో ప్రయాణంలోనే అసలు దెబ్బ తగిలింది. రైల్లో, కారులో గంటల తరబడి ఒకే తీరుగా కూర్చున్నాను. ఇంటికొచ్చి అమ్మ ఒళ్ళు తుడుస్తుంటే పిర్ర ఎముక దగ్గర ఐదు రూపాయల బిళ్ళంత ఎరుపు. నాకు నొప్పి తెలీదు కాబట్టి ఎవరమూ పట్టించుకోలేదు. పది రోజుల్లో చర్మం ఊడి, లోపలికి వేలు పట్టేంత గుంత అయింది. నాలుగు నెలలు బోర్లా పడుకున్నాను. చికిత్స ఏమీ ఇవ్వలేదు సరే, ఆ నాలుగు నెలలూ నా దగ్గర నుంచి పోయాయి.

2022లో ఊళ్ళో ఒక మాస్టారు పట్టుబట్టి వెల్లూరు పంపారు. పలాసలో రైలెక్కి కాట్పాడిలో దిగాం. అక్కడ బాగాయంలో సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆసుపత్రి వాళ్ళ పునరావాస కేంద్రం ఉంది. దాన్ని 1966లో నిలబెట్టిన డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో కారు ప్రమాదంలో నడుము పడిపోయి, వీల్‌చైర్‌లోనే ఆపరేషన్లు చేసిన మనిషి. ఆ కథ విన్న రోజు రాత్రి నేను చాలాసేపు నిద్రపోలేదు.

అక్కడ నేర్పినవన్నీ చిన్న చిన్న పనులు. పావుగంటకోసారి చేతుల మీద ఒళ్ళు పైకెత్తి ఒత్తిడి తగ్గించడం, కర్రకి కట్టిన అద్దంతో పొద్దున, రాత్రి చర్మం చూసుకోవడం, మంచం మీంచి కుర్చీలోకి జారడం. అన్నిటికన్నా ముఖ్యం మూత్రం. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి శుభ్రంగా చేతులు కడుక్కుని, గొట్టం పెట్టి మూత్రం తీసి, మళ్ళీ గొట్టం తీసెయ్యాలి. మూత్రం నిలవుంటే వెనక్కి తన్ని కిడ్నీలు పాడవుతాయి. ఈ ఒక్క మాటతో అమ్మ గడియారం చేతిలో పట్టుకుంది. మా ఉద్దానంలో క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే రక్తపరీక్ష) అంటే ఏమిటో చిన్నపిల్లలకీ తెలుసు. ఇంటికొకరు డయాలసిస్‌కి వెళ్ళొచ్చిన వీధిలో కిడ్నీల గురించి రెండోసారి చెప్పాల్సిన పని లేదు.

స్టెమ్ సెల్స్ సంగతి కూడా అక్కడే తెలిసింది. మన దేశంలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం రక్త సంబంధమైన జబ్బులకి చేసే మూలుగ మార్పిడి వంటివి తప్ప, మిగతా దేనికైనా స్టెమ్ సెల్స్ ఇవ్వాలంటే అనుమతి తీసుకున్న క్లినికల్ ట్రయల్‌లోనే, అంటే రోగుల మీద చేసే ప్రయోగంలోనే ఇవ్వాలి. ఆ ట్రయల్‌కి సీటీఆర్‌ఐ (దేశంలోని ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ) నంబరు ఉండాలి, రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. నా కాగితాలన్నీ తిరగేశాను. నంబరు లేదు. ఫలితానికి హామీ లేదన్న వాక్యం మాత్రం ఇంగ్లీషులో ఉంది, కింద నాన్న సంతకం. వెల్లూరులో మళ్ళీ పరీక్షిస్తే ఏషియా ఏ, టీ10. మొదటి రోజు ఎలాగో అలాగే.

నాకు పరిశోధన మీద కోపం లేదు. 2025 మార్చిలో జపాన్‌లో కెయో విశ్వవిద్యాలయం వాళ్ళు వెన్నుపాము దెబ్బతిన్న నలుగురికి ఐపీఎస్ కణాల (మామూలు కణాలని వెనక్కి మార్చి చేసిన మూలకణాలు) నుంచి తయారుచేసిన కణాలు పెట్టామని, ఇద్దరిలో మార్పు కనిపించిందని చెప్పారు. నాన్న ఆ పేపరు ముక్క కత్తిరించి తెచ్చారు. "ఇది మనకి పనికొస్తాదేటి?" అన్నారు. వాళ్ళకి దెబ్బ తగిలిన రెండు నుంచి నాలుగు వారాల్లోపు పెట్టారని, నాది నాలుగేళ్ళు దాటిందని చెప్పాను. తల ఊపారు. ఆ ముక్క మాత్రం పారెయ్యలేదు, భూమి కాగితాల పెట్టెలో పెట్టారు.

ఇప్పుడు ఇంటి గుమ్మానికి సిమెంటు ర్యాంపు ఉంది. కంచిలి వెళ్ళే దారిలో కొబ్బరికాయల కొట్టులో లెక్కలు రాస్తాను. 2024 జూలై నుంచి పింఛను 15,000 వస్తోంది. గాలి దిండు, గొట్టాలు, మందులు అందులోంచే.

మొన్న సోంపేట వైపు నుంచి ఒకాయన ఫోను చేశారు. కొడుకు మేడ మీంచి పడి రెండు నెలలైందట, అదే వీడియో చూశారట, పొలం బేరం పెట్టారట. సీటీఆర్‌ఐ నంబరు అడగండి, డబ్బెందుకని అడగండి, ఏషియా స్కోరు వాళ్ళు కాకుండా వేరే డాక్టరు చూస్తారా అడగండి అన్నాను. ఆయన మాట్లాడలేదు. "ముందు బాబుని పక్కకి తిప్పి, నడుము కింద ఫోటో తీసి నాకు పంపండి" అన్నాను. పంపారు. ఎర్రగా ఉంది, చర్మం ఇంకా చిట్లలేదు. ఆ రాత్రి నుంచే రెండు గంటలకోసారి తిప్పుతున్నారు. నిన్న మళ్ళీ ఫోటో పెట్టారు, ఎరుపు తగ్గింది.