నా 'ప' మీద ఒక ఫిర్యాదు

సెమిస్టరు చివర విద్యార్థులు పేరు లేకుండా రాసే అభిప్రాయాల్లో ఈసారి ఒకటి గట్టిగానే గుచ్చుకుంది. 'ధ్వనుల గురించి చెప్పే మనిషికి ధ్వనులు పలకడం రాదు. ఆయన ప్యాట్ అంటే మేము బ్యాట్ అని రాసుకున్నాం.' మన దగ్గరైతే ఇలాంటి మాట మేష్టారి వెనక అనుకుంటారు. అమెరికాలో అది నేరుగా విభాగాధిపతి బల్ల మీదికి చేరుతుంది. ఉచ్చారణ శిక్షణ తరగతులున్నాయి, వీలైతే ఒకసారి చూడండి అని ఆమె ఎంతో మర్యాదగా అన్నారు. ఆ మర్యాదే ఎక్కువ బాధించింది.

ఆ విద్యార్థికి అలా వినబడిన మాట నిజమే. నేను ఒప్పుకోనిదల్లా లోపం నా నోటిదేనన్న మాట.

నేను చెప్పే ఫొనాలజీ, అంటే భాషలో ధ్వనుల తీరును చదివే కోర్సు, మొదటి వారంలో నేను అందరికీ తలా ఒక సన్నని కాగితం ముక్క ఇస్తాను. పెదవుల ముందు పట్టుకుని పిన్ అనమంటాను. కాగితం ఎగురుతుంది. స్పిన్ అనమంటాను. దాదాపు కదలదు. పుట్టినప్పటి నుంచి మాట్లాడుతున్న భాషలో రెండు రకాల 'ప' ఉన్నాయని వాళ్లకు అప్పుడే తెలుస్తుంది. కొందరు నమ్మలేక మళ్లీ మళ్లీ ఊదుతారు. ఒకటి పదం మొదట్లో, గాలి విసురుతో. రెండోది స తర్వాత, గాలి లేకుండా. ఒకటి వచ్చే చోట రెండోది రాదు కాబట్టి వాళ్ల చెవి రెంటినీ ఒకే వర్ణంగా, అంటే ఒకే ధ్వనిగా లెక్కగడుతుంది. హిందీ వాళ్ల చెవి అలా ఊరుకోదు. పల్ అంటే క్షణం, ఫల్ అంటే పండు. అక్కడ ఆ గాలి విసురే అర్థాన్ని మార్చేస్తుంది.

మనం ఇంగ్లీషు మాట్లాడినా మన 'ప'నే వాడతాం, అంటే స్పిన్‌లోని గాలి లేని 'ప'. పెదవులు విడిన క్షణానికీ గొంతులోని స్వరతంత్రులు కంపించడం మొదలైన క్షణానికీ మధ్య ఎడం ఎంతో లిస్కర్, ఏబ్రమ్‌సన్ అనే ఇద్దరు భాషాశాస్త్రవేత్తలు 1964లో పదకొండు భాషల్లో కొలిచి చూపారు. పదం మొదట్లో ఇంగ్లీషు 'ప'కు సగటున 58 మిల్లీసెకన్లు. ఇంగ్లీషు 'బ'కు దాదాపు ఏమీ లేదు, ఒక మిల్లీసెకను. హిందీ 'ప'కు 13. నా 'ప' కూడా ఆ కోవలోదే. 13 దేనికి దగ్గరో చెప్పడానికి లెక్కల పంతులు అక్కర్లేదు. వాళ్ల చెవికి గాలి లేని 'ప' వినబడగానే బ్యాట్ అని రాసుకోవడం సహజం. మనకు 'బ' అంటే పెదవులు విడవకముందే గొంతు మోగాలి. వాళ్ల 'బ'లో చాలాసార్లు ఆ మోత ఉండదు. అయినా మనం దాన్ని 'ప' అనుకుని ఎవరి మీదా ఫిర్యాదు రాయం.

వాళ్ల నోట గది, గడి ఒకలాగే వస్తాయి. పలకడం సరే, వినడం కూడా కష్టమే వాళ్లకు. దానికి నేను మార్కులు తగ్గించలేదు. చెవి తన భాషకు అక్కరలేని తేడాలను పక్కకు తోసేస్తుందన్నది ఈ కోర్సులో మొదటి పాఠం. ఆ పాఠానికి నా నోటికంటే మంచి ఉదాహరణ ఈ విశ్వవిద్యాలయంలో దొరకదని నా గట్టి నమ్మకం. ఆ మాట విభాగాధిపతితో అనలేదు గానీ, ఈ సెమిస్టరులో పాఠంగా చెప్పేశాను. ప్యాట్‌ను నా పద్ధతిలో ఒకసారి, వాళ్ల పద్ధతిలో ఒకసారి అని, ఏది విన్నారో రాయమన్నాను. శిక్షణ తరగతికీ వెళ్లాను. కాగితం ఎగిరేలా 'ప' అనడం అక్కడ నాకు కొత్తగా నేర్పాల్సిన పనేమీ లేదు.

ఈ పిల్లలను మెచ్చుకోక తప్పని సంగతి ఒకటుంది. తెలుగు ముక్క రాని వాళ్లకు అభ్యాసంగా కొన్ని మాటలిచ్చాను: గది గదులు, నది నదులు, మనిషి మనుషులు, పిల్లి పిల్లులు. బహువచనపు 'లు'లోని ఉకారం ముందున్న ఇకారాన్ని తనలోకి లాక్కుంటుందని పావుగంటలో తేల్చేశారు. మనిషిలో ఇకారాలు రెండూ మారాయి కదా, పిల్లిలో మొదటిది ఎందుకు మారలేదని ఒక అమ్మాయి అడిగింది. పదానికి మొదటి అక్షరం కాబట్టి అని వెనక వరుస నుంచి ఇంకొకరు జవాబిచ్చారు. నేను నోరు తెరవనే లేదు. పుట్టినప్పటి నుంచి ఈ మాటలు వాడుతున్న మనలో ఎంతమందికి ఈ ప్రశ్న తట్టింది? వాళ్లకు తట్టింది, తట్టగానే చెయ్యెత్తి అడిగారు. బ్యాట్ అని రాసుకున్న విద్యార్థిదీ బహుశా ఇదే అలవాటు, అడిగింది నా మీద కావడం వల్ల నాకు కారంగా తగిలింది.

పెళ్లి, పెళ్లిళ్లు మాత్రం వాళ్లకు ఇంకా చూపించలేదు. ఇకారం అక్కడ చెక్కుచెదరదు, 'లు' కాస్తా 'ళ్లు' అయింది. చివరి పరీక్షలో ఇస్తాను.