కోపెన్‌హాగెన్‌లో కలం ఉన్నవాడిదే రాజ్యం

నిరంకుశ రాజు అంటే అందరికీ పద్నాలుగో లూయీ, వెర్సాయ్ గుర్తొస్తాయి. కానీ అంత లూయీ కూడా తన అధికారం ఎంతో ఒక చట్టంగా రాయించి పెట్టుకోలేదు. ఆ పని చేసింది డెన్మార్క్ రాజు మూడో ఫ్రెడెరిక్. 1665 నవంబర్ 14న సంతకం పెట్టిన ఆ రాజశాసనంలో మొత్తం 40 నిబంధనలు. మనుషులు చేసిన ఏ చట్టానికైనా రాజు పైనే, ఆయన జవాబు చెప్పాల్సింది దేవుడికొక్కడికే అని అందులో నిక్కచ్చిగా రాసి ఉంటుంది. దీని గురించి చదివినప్పటి నుంచి కోపెన్‌హాగెన్ వెళ్ళాలని ఉండేది, మా బావమరిది ఉద్యోగం కూడా అక్కడే కావడంతో హోటల్ ఖర్చు తప్పింది.

వాడు మాత్రం ముందు టివోలీ పార్కు, తర్వాత పడవ షికారు అని ప్లాన్ వేసి పెట్టాడు. అవన్నీ సాయంత్రాలకి తోసేసి పొద్దున్నే రోసెన్‌బోర్గ్ కోటకి బయలుదేరదీశాను.

కోట అంటారు గానీ, ఇది మూడో ఫ్రెడెరిక్ తండ్రి నాలుగో క్రిస్టియన్ తోటలో కట్టుకున్న విడిది. మూడో అంతస్తులోని పొడవాటి హాల్లో ఒక చివర సింహాసనం, దాని ముందు నిజం సింహాలంత పెద్ద వెండి సింహాలు మూడు. సింహాసనం నార్వాల్ అనే తిమింగలం దంతాలతో చేసింది, మెలికలు తిరిగిన ఆ దంతాలు ఒంటికొమ్ము గుర్రానివని అప్పటివాళ్ళ నమ్మకం. దగ్గరికి వెళ్ళి చూస్తే తెల్లగా ఉండదు, పాత పియానో మెట్లలా పసుపు తేలిపోయి ఉంది.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టినవి మాత్రం కింద నేలమాళిగలో ఉన్న రెండు కిరీటాలు. 1596 నాటి నాలుగో క్రిస్టియన్ కిరీటం పైన తెరిచి ఉంటుంది, దాని మీద తన రొమ్ము చీల్చుకుని పిల్లలకి రక్తం పట్టే పెలికాన్ పక్షి, బిడ్డకి పాలిస్తున్న తల్లి, ఇంకా చాలా చిన్న చిన్న బొమ్మలున్నాయి. అంటే రాజు జనానికి ఏం చెయ్యాలో నెత్తిమీదే గుర్తు పెట్టారన్నమాట. 1671లో మూడో ఫ్రెడెరిక్ కొడుకు ఐదో క్రిస్టియన్ పెట్టుకున్న కిరీటానికి పైన వంపు కమ్మీలు, మూసేసి ఉంటుంది, పెలికాన్ లేదు, తల్లీ లేదు. దాన్ని ఆయన నెత్తిన ఎవరూ పెట్టలేదు. తనంతట తానే పెట్టుకుని, ఆ తర్వాత చర్చికి వెళ్ళి అభిషేకం చేయించుకున్నాడు. ఒకరు పెడితే, పెట్టినవాడు పెద్దవాడైపోతాడు కదా!

ఈ మార్పంతా నాలుగు రోజుల్లో తేలిపోయిందంటే నమ్మబుద్ధి కాదు. అంతకుముందు డెన్మార్క్‌లో కొత్త రాజు ఎవరైనా సరే ప్రభువర్గం ముందు షరతుల పత్రం మీద సంతకం పెట్టాలి. 1282 నుంచీ ఉన్న పద్ధతి అది, మూడో ఫ్రెడెరిక్ కూడా 1648లో చాలా గట్టి షరతులకే ఒప్పుకున్నాడు. ఆ తర్వాత స్వీడన్‌తో యుద్ధాలు వచ్చి ఖజానా ఖాళీ అయింది. 1660లో పన్నుల కోసం సమావేశం పెడితే, ప్రభువులేమో మేం కట్టం అన్నారు, వ్యాపారులకీ పాస్టర్లకీ ఒళ్ళు మండి రాజు వైపు తిరిగారు. ప్రభువులు ఊరు దాటకుండా నగర ద్వారాలు మూసేశారు. అక్టోబర్ 13న వంశపారంపర్య రాజరికానికి ఒప్పేసుకున్నారు, 17న పాత షరతుల పత్రం రద్దయింది. ప్రభువుల పొగరు అణచడానికి జనమే రాజుకి తాళాలిచ్చేశారని నాకనిపిస్తుంది. ఆ తాళాలు వెనక్కి రావడానికి దాదాపు రెండొందల ఏళ్ళు పట్టింది.

ఇంతా చేసి ఆ శాసనాన్ని వెంటనే జనానికి చూపించలేదు. అచ్చులో బయటికొచ్చింది 1709లో, నాలుగో ఫ్రెడెరిక్ కాలంలో. (మన దగ్గర తమిళ తీరంలో అప్పటి డేనిష్ స్థావరమైన తరంగంబాడికి 1706లో మిషనరీలని పంపింది కూడా ఈ రాజే. అదే మిషన్‌లోకి తర్వాత వచ్చిన బెంజమిన్ షుల్ట్జ్ తెలుగు నేర్చుకుని వ్యాకరణం రాశాడు, జర్మనీలోని హాలేలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. ఎక్కడి కోపెన్‌హాగెన్, ఎక్కడి తెలుగు!)

శాసనం రాజుని మూడు చోట్ల మాత్రం కట్టేసింది. లూథరన్ మతం తప్పకూడదు, రాజ్యాన్ని ముక్కలు చెయ్యకూడదు, ఈ శాసనాన్ని తగ్గించకూడదు. అంతే. కానీ రాజుకి మతి స్థిమితం లేకపోతే ఏం చెయ్యాలో అందులో లేదు, అసలు చిక్కు అక్కడే వచ్చింది.

మర్నాడు కాస్టెలెట్ కోటకి వెళ్ళాం. టూరిస్టులందరూ దీని పక్కనుంచే మత్స్యకన్య బొమ్మకి పరిగెడతారు. నక్షత్రం ఆకారంలో గడ్డి మొలిచిన మట్టి గట్లు, చుట్టూ కందకం, లోపల ఎర్రటి సైనికుల ఇళ్ళు. చర్చి వెనకాలే అంటుకుని జైలు. ఖైదీలు తమ గదుల్లోనే ఉండి ప్రార్థన వినేలా గోడలో కంతలు పెట్టారు. రాజశాసనాన్ని రాసిన పీటర్ షూమాకర్ ఒక వైన్ వ్యాపారి కొడుకు, రాసిన పుణ్యానికి గ్రిఫెన్‌ఫెల్డ్ ప్రభువయ్యాడు, 1676లో అప్పటి రాజు ఐదో క్రిస్టియన్‌కి కోపం వచ్చి ఈ కోటలోనే బందీ అయ్యాడు. తలారి కత్తి ఎత్తాక ఆఖరి నిమిషంలో మరణశిక్ష తప్పించారు గానీ, మిగతా జీవితమంతా దాదాపు జైల్లోనే గడిచింది. రాజుకి ఎదురుచెప్పే మార్గం లేకుండా రాసింది ఆయనే కాబట్టి అప్పీలు ఎవరికి చేసుకుంటాడు పాపం.

వందేళ్ళ తర్వాత ఇదే కోటకి ఖైదీగా వచ్చిన ఇంకో మనిషి స్ట్రూయెన్సీ, ఏడో క్రిస్టియన్ రాజుగారి డాక్టరు. ఆ రాజు 1766లో పదహారేళ్ళకి గద్దెనెక్కాడు, త్వరలోనే మానసికంగా బాగా దెబ్బతిన్నాడు. కాస్త స్థిరంగా మాట్లాడగలిగేది ఈ డాక్టరు ఒక్కడితోనే. ఇంకేం, 1770 నుంచి డాక్టరు చెప్పినవన్నీ రాజు ఆజ్ఞలైపోయాయి. పదహారు నెలల్లో వెయ్యికి పైగా ఆజ్ఞలు. పత్రికల మీద సెన్సార్ ఎత్తేశాడు, విచారణలో చిత్రహింసలు రద్దు చేశాడు. సెన్సార్ ఎత్తేసిన వెంటనే జనం ఆయన్నే, రాణిగారితో ఆయన సంబంధాన్నే ఏకిపారేస్తూ కరపత్రాలు వేశారు, అది వేరే సంగతి. 1771 జులైలో అయితే తన సంతకానికి రాజు సంతకంతో సమానమైన విలువ కూడా తెచ్చుకున్నాడు.

క్రిస్టియన్స్‌బోర్గ్ రాజభవనంలో ఉన్న రాజదర్బారు థియేటర్ ఇప్పుడు మ్యూజియం. 1772 జనవరి 16 రాత్రి ఇక్కడ ముసుగుల విందు నాట్యం. తెల్లారేసరికి సవతి తల్లి జూలియానా మరియా మనుషులు రాజుని నిద్రలేపి అరెస్టు కాగితాల మీద సంతకం పెట్టించారు, పొలం కాగితాల మీద ముసలాయనతో వేలిముద్ర వేయించుకున్నట్టు. ఏప్రిల్ 28న స్ట్రూయెన్సీ తల తీసేశారు. రాజాధికారాన్ని చేజిక్కించుకుని రాజశాసనాన్ని ఉల్లంఘించాడన్నది నేరం, మరి అదే సంతకంతో వాళ్ళు చేసిందేంటో!

"బావా, అంటే రాజు ఎవడో కాదు, పక్కన ఉన్నవాడే రాజు అంటావా?" అన్నాడు మావాడు. అంతే మరి. పన్నెండేళ్ళ తర్వాత 1784లో పదహారేళ్ళ యువరాజు సభలోనే తండ్రి ముందు కాగితం పెట్టి సంతకం చేయించుకుని సవతి నానమ్మ జూలియానా మరియా వర్గాన్ని దింపేశాడు. రాజు ఎవరి చేతిలో ఉండాలని బాబాయితో అక్కడికక్కడే తోపులాట కూడా జరిగిందట. చివరికి ఆ రాజు 1808 దాకా బతికాడు, పేరుకి ఎదురులేని చక్రవర్తి.

1849 జూన్ 5న ఏడో ఫ్రెడెరిక్ రాజ్యాంగం ఇచ్చాడు, ఆయన గుర్రం మీద ఉన్న విగ్రహం క్రిస్టియన్స్‌బోర్గ్ ముందే ఉంది. ఇప్పుడు ఆ ఒక్క భవనంలోనే పార్లమెంటు, సుప్రీంకోర్టు, ప్రధాని ఆఫీసు, రాజుగారి విందు గదులు. 2024 జనవరి 14న కొత్త రాజు పదో ఫ్రెడెరిక్‌ని ఈ బాల్కనీ నుంచి ప్రకటించింది ప్రధానమంత్రి, కిరీటం మాత్రం రోసెన్‌బోర్గ్ అద్దాల పెట్టెలోనే ఉండిపోయింది. చట్టాల మీద రాజు సంతకం ఇప్పటికీ కావాలి, కానీ పక్కన మంత్రి సంతకం లేకపోతే అది చెల్లదు.

అలాగని 1665 కాగితం పూర్తిగా చచ్చిపోలేదు. దాంట్లోని 21, 25 నిబంధనలు ఇంకా అమల్లో ఉన్నాయి. రాజవంశం పిల్లలు పెళ్ళి చేసుకోవాలన్నా, దేశం వదిలి వెళ్ళాలన్నా రాజు అనుమతి ఉండాలి, వాళ్ళ మీద తీర్పు చెప్పాల్సింది కూడా రాజే, లేదా ఆయన చెప్పినవాళ్ళు. అంతటి సర్వాధికారం ఇప్పుడు సొంత ఇంటి పిల్లల మీదే చెల్లుతోంది.