మెడ మీద ఉబ్బు, స్పాంజి బూడిద, తెల్ల మాత్రలు

నా మెడ చూసి పలకరించేవాళ్ళలో చాలామంది ఇచ్చే సలహా ఒకటే: "ఆపరేషన్ జోలికి పోకండి, హోమియోలో దీనికి మంచి మందుంది." మెడ ముందు, కుడివైపు కాస్త ఎక్కువగా, నిమ్మకాయంత ఉబ్బు నాది. చీర కొంగుతో దాచే వయసు దాటిపోయింది కాబట్టి అందరికీ కనిపిస్తుంది, అందరూ సలహా ఇస్తారు. మా వదిన ఒకడుగు ముందుకేసి స్పాంజియా 30 అనే హోమియో తెల్ల మాత్రల సీసా తెచ్చి చేతిలో పెట్టింది. ఏళ్ళ తరబడి కెమిస్ట్రీ పాఠాలు చెప్పినదాన్ని, సీసాలో ఏముందో చూడకుండా నోట్లో వేసుకోలేను.

అయితే ముందు గాయిటర్ గురించి. మన పాత వైద్యంలో గళగండం అన్నది ఇదే. థైరాయిడ్ గ్రంథి ఎందుకు పెరిగినా గాయిటరే అంటారు. అందుకే "గాయిటర్‌కి మందేమిటి" అనే ప్రశ్నకి జవాబు ఉండదు. ఎందువల్ల వచ్చిందో తేల్చుకోవాలి. అయోడిన్ చాలకపోతే గ్రంథి హార్మోన్ తయారుచేయలేదు. మెదడు కింద ఉండే పిట్యుటరీ ఊరుకోదు, టీఎస్‌హెచ్ అనే హార్మోన్ పంపి ఇంకా పనిచెయ్యమని తరుముతుంది. ఆ తరుముడికి గ్రంథి ఉబ్బుతుంది. పెద్దవాళ్ళకి రోజుకి కావలసిన అయోడిన్ 150 మైక్రోగ్రాములు, గర్భిణులకు 250. ఇంత స్వల్పమైన పదార్థం కోసం ఇంత గొడవ! హషిమోటో అనే జబ్బులో సొంత రోగనిరోధక శక్తే గ్రంథి మీద పడి దెబ్బతీస్తుంది. గ్రేవ్స్ అనే జబ్బులో అదే శక్తి గ్రంథిని అతిగా పనిచేయిస్తుంది. నాలాంటివాళ్ళకి హార్మోన్లు సరిగానే ఉంటాయి, గ్రంథిలో గడ్డలు మాత్రం కడతాయి.

డాక్టరు చేసే పరీక్ష నాకు భలే నచ్చింది. గ్లాసుతో నీళ్ళిచ్చి, గుక్క నోట్లో పెట్టుకుని చెప్పినప్పుడు మింగమంటారు. థైరాయిడ్ స్వరపేటికనీ, శ్వాసనాళాన్నీ అంటిపెట్టుకుని ఉంటుంది కనుక మింగగానే ఉబ్బు కూడా పైకి లేచి దిగుతుంది. అద్దం ముందు ఎవరైనా చూసుకోవచ్చు. తర్వాత రెండు చేతులూ చెవులకి ఆనేలా ఎత్తి కాసేపు అలాగే ఉండమన్నారు. ముఖం ఎర్రగా కందిపోయి ఊపిరి ఆడకపోతే, గ్రంథి ఛాతీ ఎముక వెనక్కి దిగి రక్తనాళాల్ని నొక్కుతోందని అనుమానించాలట. నాకు భుజాలు నొప్పెట్టాయి, అంతే.

ఇప్పుడు సీసా సంగతి. స్పాంజియా టోస్టా అంటే కాల్చిన సముద్రపు స్పాంజి. హోమియోపతి పుట్టకముందే, మధ్యయుగాల నుంచీ యూరప్‌లో గళగండానికి స్పాంజి బూడిద మింగించేవారు. కొందరికి నిజంగానే తగ్గేది. ఎందుకో అప్పట్లో ఎవరికీ తెలియదు. 1811లో ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త బెర్నార్ కుర్త్వా సముద్రపు నాచు బూడిదతో పనిచేస్తుంటే ఊదారంగు ఆవిరి లేచింది. అదే అయోడిన్. 1820లో జెనీవా వైద్యుడు క్వాందే, స్పాంజిలో పనిచేస్తున్నది ఇదే అయి ఉంటుందని ఊహించి, రోగులకి నేరుగా అయోడినే ఇచ్చి చూశాడు. ఉబ్బులు తగ్గాయి. మోతాదు మించినవాళ్ళకి గుండెదడ, బరువు తగ్గడం లాంటివీ వచ్చాయి.

కాబట్టి స్పాంజి అబద్ధం కాదు. దాన్ని నీళ్ళలో కలిపే పద్ధతితోనే నా పేచీ. 30 పొటెన్సీ అంటే ఒక వంతు మందుకి తొంభైతొమ్మిది వంతుల ద్రావకం కలిపి, అందులోంచి ఒక వంతు తీసి మళ్ళీ కలిపి, ఇలా ముప్ఫైసార్లు. మొత్తం పలచన 1 పక్కన 60 సున్నాలు. ఒక మోల్ (అణువుల్ని లెక్కపెట్టే కొలత) పదార్థంలో ఉండే అణువులు దాదాపు 6 పక్కన 23 సున్నాలు. ఒక్కోసారికి రెండు సున్నాలు పెరుగుతాయి, అంటే పన్నెండోసారికే లెక్క చెల్లిపోయింది, అసలు మందు అణువు ఒక్కటైనా మిగలడం కష్టం. మిగతా పద్దెనిమిదిసార్లు కలిపింది నీళ్ళని నీళ్ళతోనే. ఆ బూడిదలో పనిచేసిన అయోడిన్ ఏదుందో, సరిగ్గా అదే ఈ సీసాలో లేదు. అయోడిన్ పేరే పెట్టుకున్న అయోడమ్ 30 కూడా అంతే. "శక్తి మిగులుతుంది" అంటారు. పరీక్షలో ఏ పిల్లాడైనా అలా రాస్తే నేను మార్కులు వేసేదాన్ని కాదు.

మరి తగ్గినవాళ్ళున్నారు కదా అంటుంది వదిన. ఉన్నారు, వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. కొన్ని థైరాయిడ్ వాపులు నొప్పితో వచ్చి కొన్ని నెలల్లో వాటంతటవే పోతాయి. యుక్తవయసులోనో గర్భంతోనో వచ్చిన చిన్న ఉబ్బు తర్వాత తగ్గిపోవచ్చు. నాలాంటి గడ్డలు ఏళ్ళ తరబడి కదలకుండా ఉంటాయి. ఆ కాలంలో ఏ మాత్ర వేసుకుంటుంటే పేరు దానికే వస్తుంది. హోమియో డాక్టరు గంటసేపు కూర్చోబెట్టి నిద్ర, కలలు, కోపం అన్నీ అడుగుతాడు. అంత ఓపిక పెద్దాసుపత్రుల్లో దొరకదని నేనూ ఒప్పుకుంటాను. గాయిటర్‌ని ఆ మాత్రలు కరిగిస్తాయని మాత్రం నమ్మదగిన క్లినికల్ పరీక్ష ఏదీ రుజువు చేయలేదు.

తెల్ల మాత్రల కంటే నాకు భయం వేసేది మదర్ టింక్చర్‌తోనే. ఫ్యూకస్ అనే సముద్రపు నాచు టింక్చర్‌ని థైరాయిడ్‌కని చుక్కల్లెక్కన వాడతారు. అది పలచన చేయనిది, అందులో నిజంగానే అయోడిన్ ఉంటుంది. గడ్డలున్న గ్రంథికి ఉన్నట్టుండి అయోడిన్ ఎక్కువైతే అది హార్మోన్‌ని అదుపు లేకుండా తయారుచేయవచ్చు. "హోమియోనే కదా, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు" అన్న మాట ఇక్కడ చెల్లదు.

నాకు అల్ట్రాసౌండ్ చేశారు, పెద్ద గడ్డ నుంచి సన్నని సూదితో కణాలు తీసి చూశారు, క్యాన్సర్ కాదన్నారు. మందులేవీ లేవు, అప్పుడప్పుడూ స్కాన్, టీఎస్‌హెచ్ అంతే. ఉబ్బు గబగబా పెరిగినా, గట్టిపడినా, గొంతు బొంగురుపోయి తగ్గకపోయినా, మింగడానికో ఊపిరికో కష్టమైనా ఆగకుండా రమ్మన్నారు.

ఈ పోస్టు చదివేవాళ్ళలో థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోన్ మాత్ర) వేసుకునేవాళ్ళు ఉంటే ఒక్కమాట. ఈ తెల్ల చక్కెర మాత్రలు సరదాకి చప్పరించండి, అభ్యంతరం లేదు. కానీ వాటిని నమ్మి థైరాక్సిన్ మానేయకండి, గర్భంతో ఉంటే అసలే వద్దు. తొలి నెలల్లో కడుపులోని బిడ్డ మెదడు ఎదుగుదలకి తల్లి హార్మోనే ఆధారం.