రాక్షసి ఎవరో ముందే చెప్పని కథలు

ఆదివారం పొద్దున దూరదర్శన్‌లో స్టార్ ట్రెక్ అనే అమెరికన్ అంతరిక్ష సీరియల్ వచ్చిన 1980ల నాటి బ్యాచ్‌లకు, అందులో ఎప్పుడూ తర్కమే మాట్లాడే గ్రహాంతరవాసి స్పాక్ చెవులు ఇంకా గుర్తుండే ఉంటాయి. ఇంగ్లిష్ డైలాగులు సగం అర్థమయ్యేవి కావు. కథ మాత్రం అర్థమయ్యేది. మన సంచిక ఇప్పటి పిల్లల చేతికీ, సైన్స్ క్లబ్బు నడిపే టీచర్ల చేతికీ వెళుతుంది కాబట్టి, ఆ పాత సీరియళ్ళలో నీతి ఎక్కడ దాగి ఉంటుందో, దాన్ని తరగతిలో ఎలా పైకి తేవచ్చో రాస్తున్నాను.

చాలామంది ఆ నీతిని చివర్లో స్టార్ ట్రెక్ నౌక నాయకుడు కెప్టెన్ కిర్క్ చెప్పే నాలుగు మాటల్లో వెతుకుతారు. నాకు ఆ మాటలు అంత ముఖ్యమనిపించవు. కథలో ఏ సంగతి ముందు తెలిసింది, ఏది ఆలస్యంగా తెలిసింది అన్న వరసలోనే అసలు పనితనమంతా ఉంది. మంచి ఎపిసోడ్ ముందు చూసేవాడి చేతే తప్పుడు తీర్పు ఇప్పిస్తుంది. ఆ తర్వాత తీరిగ్గా మిగతా సంగతి బయటపెడుతుంది.

1967 మార్చి 9న ప్రసారమైన స్టార్ ట్రెక్ ఎపిసోడ్ ‘ది డెవిల్ ఇన్ ది డార్క్’ దీనికి సాటిలేని ఉదాహరణ. రాసింది జీన్ ఎల్. కూన్. జానస్ 6 అనే గ్రహం మీద పెర్జియం అనే ఖనిజం గనులున్నాయి. సొరంగాల్లో ఏదో తిరుగుతూ కార్మికుల్ని ఆమ్లంతో మాడ్చి చంపుతోంది. 50 మందికి పైగా పోయారు. పైగా అది రియాక్టర్ పంపు కూడా ఎత్తుకుపోవడంతో కాలనీ మొత్తానికే ముప్పు వచ్చింది. సాయానికి వచ్చిన కిర్క్ బృందంతో పాటు మనకూ ఇదంతా కార్మికుల నోటివెంటే తెలుస్తుంది, కాబట్టి మనమూ వాళ్ళ పక్షానే ఉంటాం. ఈలోగా గని అధికారి బల్ల మీద ఒక గుండ్రటి సిలికాన్ రాయి కనిపిస్తుంది. కింది సొరంగంలో అలాంటివి వేలకొద్దీ దొరికాయనీ, ఎందుకూ పనికిరావనీ ఆయన చెబుతాడు. స్పాక్ దాన్ని చేతిలోకి తీసుకుని చూస్తాడు. చూసేవాళ్ళలో దాదాపు ఎవరూ పట్టించుకోరు.

ఆ రాళ్ళు నిజానికి గుడ్లు. సొరంగాల్లో తిరిగే ఆ ప్రాణి పేరు హోర్టా. 50,000 ఏళ్ళకోసారి వాటి జాతి అంతా చచ్చిపోయి ఒక్కటే మిగులుతుంది. ఆ ఒక్కటీ తర్వాతి తరం గుడ్లన్నిటికీ కాపలా తల్లి. ఆ గుడ్లనే కార్మికులు తెలియక పగలగొట్టారు.

పిల్లలకు తప్పకుండా చూపించాల్సిన చోటు ఇంకొకటి ఉంది. మొదట్లో స్పాక్, వీలైతే దాన్ని చంపకుండా పట్టుకుందామంటాడు. కిర్క్ కుదరదంటాడు. తర్వాత సొరంగం కూలి కిర్క్ ఒంటరిగా దాని ఎదుట పడతాడు. కిర్క్ ప్రమాదంలో ఉన్నాడని తెలియగానే స్పాక్ కమ్యూనికేటర్‌లో చంపెయ్యమని తొందరపెడతాడు. కిర్క్ కాల్చడు. అది మీదికి రావడం లేదని, దానికి గాయమైందని కళ్ళారా చూశాడు మరి. ఇద్దరి మాటలూ తారుమారయ్యాయి. దయ అనేది కొందరికి పుట్టుకతో వచ్చే గుణమని చెప్పి ఊరుకోకుండా, మన మనిషి ప్రమాదంలో పడితే ఎంత తర్కం తెలిసినవాడైనా ఎలా మారిపోతాడో, ఎదుటి ప్రాణిని దగ్గర నుంచి చూస్తే ఎంత కోపంలో ఉన్నవాడైనా ఎలా ఆగుతాడో ఒక్క సన్నివేశంలో చూపించారు.

హోర్టా రాతి మీద ‘నో కిల్ ఐ’ అని చెక్కుతుంది. నన్ను చంపొద్దు అని వేడుకోవడమా, నేను చంపను అని మాటివ్వడమా? కిర్క్‌కే తెలియదు. నౌకలోని వైద్యుడు డాక్టర్ మెకాయ్ షెల్టర్లు కట్టే కాంక్రీటు తెప్పించి గాయానికి మెత్తుతాడు. కర్రలు పట్టుకుని దూసుకొచ్చిన కార్మికులకు కిర్క్ తన తుపాకీ అడ్డంపెట్టి గుడ్ల సంగతి చెబుతాడు. చివరికి కుదిరింది ఇచ్చిపుచ్చుకునే ఒప్పందం: పిల్ల హోర్టాలు సొరంగాలు తవ్వుకుంటాయి, బయటపడిన ఖనిజం కార్మికులది. పశ్చాత్తాపంతో కథ ముగించకుండా రేపటి నుంచి ఎలా కలిసి బతకాలో కూడా తేల్చారు. నాకు ఈ ఎపిసోడ్‌లో అన్నిటికన్నా నచ్చేది ఇదే.

ఈ పద్ధతికి ముందే బాట వేసినవాడు, ‘ది ట్వైలైట్ జోన్’ అనే అమెరికన్ టీవీ సీరియల్ సృష్టికర్త రాడ్ సెర్లింగ్. 1955లో మిసిసిపీలో 14 ఏళ్ళ ఎమెట్ టిల్ అనే నల్లజాతి పిల్లవాణ్ణి తెల్లవాళ్ళు చంపారు. ఆ ఘటన ఆధారంగా సెర్లింగ్ రాసిన టీవీ నాటకాన్ని ప్రకటనదారుల భయంతో ఊరు మార్చి, హతుణ్ణి మార్చి, అసలు విషయమే లేకుండా చేశారు. 1959లో ఆయన ఆ సీరియల్‌లో గ్రహాంతరవాసుల కథలు మొదలుపెట్టాక అదే కోపాన్ని ఎవరూ కత్తిరించలేకపోయారు.

అందులో 1960 మార్చి 4న వచ్చిన ‘ది మాన్‌స్టర్స్ ఆర్ డ్యూ ఆన్ మేపుల్ స్ట్రీట్’ ఎపిసోడ్ నిడివి 25 నిమిషాలే. ఒక వీధిలో కరెంటు, ఫోన్లు, కార్లు ఆగిపోతాయి. గ్రహాంతరవాసులు మనుషుల వేషంలో ముందే ఒక కుటుంబాన్ని పంపుతారని తాను చదివిన కథ ఒక పిల్లవాడు చెబుతాడు. అంతే. ఒకాయన కారు దానంతటదే స్టార్టవుతుంది. అతను రాత్రుళ్ళు నిద్రపట్టక ఆకాశం చూస్తుంటాడన్నది నేరమైపోతుంది. ఇంకొకాయన ఇంట్లో రేడియో సెట్టు ఉండడం మరో నేరం. పక్క వీధికి వెళ్ళి తిరిగొస్తున్న సొంత పొరుగువాణ్ణే చీకట్లో కాల్చి చంపుతారు. 2018లో పిల్లల్ని ఎత్తుకెళ్ళే ముఠాలు దిగాయన్న వాట్సాప్ వదంతులతో తెలంగాణలోనూ మూకదాడులు జరిగాయి. ఈ ఎపిసోడ్ చూపించేటప్పుడు ఆ సంగతి టీచరు విడమర్చి చెప్పక్కర్లేదు, పిల్లలే ఎత్తుతారు.

45 నిమిషాల పీరియడ్‌కు ఇది సరిగ్గా సరిపోతుంది. ముందు పాత్రల పేర్లు, వీధి పరిస్థితి తెలుగులో ఐదారు వాక్యాల్లో చెప్పండి. ముగింపు చెప్పొద్దు. కారు దానంతటదే స్టార్టయిన చోట ఆపి, ‘మీకు ఎవరి మీద అనుమానం, ఎందుకు?’ అని తలా ఒక చీటీ రాయించండి. పేర్లు రాయనక్కర్లేదు. పూర్తయ్యాక ఆ చీటీలు పైకి చదవండి. ఆ వీధివాళ్ళు చెప్పిన కారణాలే సగం చీటీల్లో కనబడితే ఇక ఉపన్యాసంతో పనిలేదు. చీటీ బదులు చేతులెత్తమంటే మాత్రం బెడిసికొడుతుంది. మొదట చెయ్యెత్తినవాడి వెనకే అందరూ వెళ్తారు. ‘ఈ రోజు మనం అనుమానం గురించి, మూక మనస్తత్వం గురించి తెలుసుకుందాం’ అని మొదలుపెట్టినా చెడిపోతుంది. జవాబు ముందే తెలిసినవాడు అనుమానపడడు, తన తప్పు తాను చూసుకోడు.

స్టార్ ట్రెక్ ఎపిసోడ్ 50 నిమిషాలు, కాబట్టి వరుసగా రెండు పీరియడ్లు అడిగి పెట్టుకోవాలి. హోర్టాను చూడగానే పిల్లలు నవ్వుతారు, అది యానోష్ ప్రొహాస్కా అనే స్టంట్‌మన్ లోపల దూరి పాకిన రబ్బరు తొడుగు. నవ్వనివ్వండి. గద్దిస్తే ఆ పీరియడంతా బిగుసుకుపోతారు. స్పాక్ దాని మనసులోకి తన మనసు కలిపి ఆ నొప్పిని తన గొంతుతో అరిచేసరికి గది సర్దుకుంటుంది. స్పాక్ ‘చంపండి’ అన్నచోట ఆపి, ఇంతకుముందు వద్దన్నది ఎవరని అడగండి.

పదో తరగతికి 1968 మార్చి 8 నాటి స్టార్ ట్రెక్ ఎపిసోడ్ ‘ది అల్టిమేట్ కంప్యూటర్’ ఇంకా బాగుంటుంది. డాక్టర్ డేస్ట్రమ్ తయారుచేసిన ఎం-5 అనే కంప్యూటర్‌కు కిర్క్ నౌకను అప్పగిస్తారు. యుద్ధ విన్యాసాలను నిజం యుద్ధమనుకుని అది ఎక్స్‌కాలిబర్ నౌకలో ఉన్నవాళ్ళందరినీ చంపేస్తుంది. డేస్ట్రమ్ తన సొంత మనసు నమూనానే అందులో ముద్రించాడు. తెలివితో పాటు ఆయన భయాలూ దిగాయి, ఆపేస్తారేమోనన్న భయంతో సహా. హత్యకు శిక్ష ఏమిటని కిర్క్ దాన్నే అడిగితే, మరణమని ఒప్పుకుని తనను తాను ఆపేసుకుంటుంది. డేస్ట్రమ్ పాత్ర వేసిన విలియం మార్షల్ నల్లజాతి నటుడు. ఆ కాలంలో, లోకంలోకెల్లా గొప్ప కంప్యూటర్ శాస్త్రవేత్తగా ఆయన తెర మీదికి వస్తే, కథలో ఎవరూ ఆయన రంగు గురించి ఒక్క మాట అనరు.

దీంతో పోలిస్తే, సగం ముఖం నలుపు, సగం తెలుపు ఉన్న ఇద్దరు ఒకరినొకరు తరిమే 1969 నాటి ‘లెట్ దట్ బీ యువర్ లాస్ట్ బాటిల్‌ఫీల్డ్’ పేరుకే గొప్పది. నీతి ముఖం మీదే రాసి ఉంటుంది. ఒక్క క్షణం మాత్రం నిలుస్తుంది: తమ ఇద్దరికీ తేడా ఏమిటో వాళ్ళలో ఒకడైన బీల్ చెప్పేవరకు, నలుపు ఎవరికి కుడివైపు, ఎవరికి ఎడమవైపు అన్నది చూసేవాళ్ళ కంటికి ఆనదు. దీన్ని వేస్తే చర్చ వెంటనే కులం మీదికి మళ్ళుతుంది, మళ్ళాలి కూడా. ఏ పిల్లవాణ్ణీ పేరుపెట్టి నీ అనుభవం చెప్పమనకూడదన్న నియమం మాత్రం ముందే పెట్టుకోండి.

ఈ సీరియళ్ళు తమ తప్పు తాము చూసుకోలేకపోయిన చోట్లూ ఉన్నాయి. 1969 జూన్ 3న వచ్చిన ఆఖరి స్టార్ ట్రెక్ ఎపిసోడ్‌లో ఆడవాళ్ళకు నౌకా కెప్టెన్ పదవి అందదన్న మాట వినిపిస్తుంది. అంతకుముందు 78 ఎపిసోడ్లలో అందరూ సమానమని చెప్పిన బృందమే దాన్నీ తీసింది. మూడు నాలుగు ఎపిసోడ్లు చూసి రుచి తెలిసిన పిల్లలకు దాన్ని కూడా వేసి, ఇందులో రాసినవాళ్ళు ఎక్కడ పొరబడ్డారో మీరే పట్టుకోండని అప్పగించండి.