ఎడమ చేతి రీలా, కుడి చేతి రీలా?

"కుడిచేతి వాటం వాడివి, ఎడమ చేతి రీలెందుకురా" అని మా బావ ఒకటే గోల. నేను మాత్రం గాలం కర్రకి బిగించి దారం చుట్టే ఆ రీలునే కొన్నా. రీలు మీద రాసుండేది హ్యాండిల్ తిప్పే చెయ్యి, కర్ర పట్టుకునే చెయ్యి కాదు. మైపాడు బీచ్‌లో వాడే స్పిన్నింగ్ రీలుకైతే (కర్ర కింద వేలాడేది) ఈ తంటా లేదు. చాలావాటికి అవతలి పక్క మూత విప్పి, హ్యాండిల్ తీసి ఇటు బిగిస్తే సరి. బెయిట్‌కాస్టర్‌కి (కర్ర పైన కూర్చునే రీలు) అట్ట కుదరదు, కొన్నప్పుడు ఏ పక్కనుంటే ఎప్పటికీ ఆ పక్కే.

చెరువులో కొరమీనుకి రబ్బరు కప్ప వేసేవాళ్లకి తెలుసు. తామరాకుల పక్కన అది పడీ పడగానే నీళ్లు భళ్లుమంటాయి. కుడి చేతి రీలైతే, కుడిచేత్తో విసిరి, కర్రని ఎడమచేతికి మార్చి, మళ్లీ కుడిచేత్తో తిప్పేలోపు దారం వదులుగానే ఉంటది. నాకా మార్పిడి లేదు. కుడిచెయ్యి కర్ర మీదే, ఎడమచెయ్యి తిప్పుడు మొదలెట్టేస్తది. (మొదట్లో అది బాగా తడబడింది లెండి.)

పెద్ద చేప తగిలితే బలమైన చెయ్యే తిప్పాలని బావ వాదన. సముద్రంలో పడవ మీంచి నిలువునా దించే గాలానికైతే ఒప్పుకుంటా, అక్కడ విసిరేదేముంది? చెరువుగట్టు మీద మాత్రం ఒప్పుకోను. మొన్న ఆదివారం ఆయనే "ఇటియ్యి, చూద్దాం" అని తీసుకున్నాడు. పొద్దుగూకేదాకా తిరిగివ్వలా.