డిపాజిట్ అడిగితే తాకట్టు కొట్టన్నారు

మొత్తానికి మా అపార్ట్‌మెంట్‌లో ఉమ్మడి సామాన్ల గది నడుస్తోంది. నిన్న నిచ్చెన చెప్పిన రోజుకే తిరిగొచ్చింది. ఆ ఊపులోనే రాస్తున్నా.

మాది ఒంగోల్లో కర్నూలు రోడ్డు వైపు, ఇరవై నాలుగు ఫ్లాట్లు. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా సెల్లార్‌లోకి నీళ్లొచ్చాయి. తోడటానికి మోటారు కోసం ఊరంతా ఫోన్లు చేశాం. అద్దెకిచ్చేవాడు నోటికొచ్చిన రేటు చెప్పాడు. నీళ్లు తీశాక ఎవరింట్లో ఏముందో అడిగి రాస్తే డ్రిల్లింగ్ మిషన్లు పదకొండు తేలాయి. మోటారు ఒక్కరి దగ్గరా లేదు. ఏడాదికోసారి గోడకు మేకు దిగ్గొట్టడానికి పదకొండు మిషన్లు!

సామాన్లు పోగేయడం తేలికే. వాడనివి జనం సంతోషంగానే ఇచ్చారు. మోటారు, అల్యూమినియం నిచ్చెన అసోసియేషన్ డబ్బుతో కొన్నాం. జనరేటర్ పక్కన ఖాళీగా ఉన్న గదికి తాళం వేశాం. సొసైటీగా రిజిస్టర్ చేద్దామని ఒకాయన పట్టుబట్టారు. 2001 నాటి సొసైటీల చట్టం ప్రకారం ఏడుగురు ఉంటే చాలట. నిచ్చెన అరువివ్వడానికి రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ తిరిగే ఓపిక నాకు లేదు, అసోసియేషన్ ఉంది కదా అన్నాను.

అసలు గొడవ డిపాజిట్ దగ్గర మొదలైంది. డ్రిల్లుకు వెయ్యి, నిచ్చెనకు ఐదొందలు, మోటారుకు రెండు వేలు, వస్తువు తిరిగివ్వగానే డబ్బు వెనక్కి. కాగితం మీద రాసుకుని మేడ మీద మీటింగ్‌లో చదివాను. చదవడం పూర్తవకముందే మూడో అంతస్తు పెద్దాయన, నేను బాబాయి గారూ అని పిలిచే మనిషి, గట్టిగా నవ్వి, "ఏమ్మాయ్, ఇంత చదువుకోని తాకట్టు కొట్టు పెట్టుకుంటన్నావా?" అన్నారు. అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వారు, అది ఇంకా మర్చిపోలేదు.

అక్కడితో ఆగితే బాగుండేది. "మా ఊళ్లో రామాలయం గుండిగలు పెళ్లిళ్లకిచ్చేవాళ్లు. ఏనాడైనా పైసా డిపాజిట్ అడిగారా?" అన్నారాయన. చప్పట్లు కూడా పడ్డాయి. నేను కాగితం మడిచి కూర్చున్నా. డిపాజిట్ లేకుండానే మొదలుపెట్టాం.

మొదట నిచ్చెన మాయమైంది. వాచ్‌మన్‌ని అడిగితే "తెలవదమ్మా" అన్నాడు. తలుపు తలుపూ తట్టాను. బాబాయి గారింట్లో బాల్కనీలో కనిపించింది, దాని మీద తడి లుంగీలు ఆరేసి ఉన్నాయి. తీసుకెళ్తానంటే వాళ్ల కోడలు గుమ్మంలోనే నిలబడి, "ఏమక్కా, మేమేమైనా దొంగలమా?" అంది. పక్క ఫ్లాటు వాళ్లు తలుపు తీసి చూస్తున్నారు. వస్తువు అందరిదీ, అడగడానికి వెళ్లింది నేను, చివరికి తలదించుకున్నదీ నేనే. నిచ్చెన భుజాన వేసుకుని మెట్లు దిగుతుంటే ఈ గదికి నిప్పు పెట్టాలనిపించింది. లుంగీలు మాత్రం జాగ్రత్తగా మడిచి వాళ్ల కుర్చీలో పెట్టి వచ్చాలెండి.

ఆ వారమే డ్రిల్లు కాలిన వాసనతో తిరిగొచ్చింది. మామూలు డ్రిల్లుతో శ్లాబుకు బెజ్జం వేయబోయారు. కాంక్రీటు శ్లాబుకు రోటరీ హామర్ కావాలి. మామూలు డ్రిల్లును పట్టుకుని బలంగా నొక్కితే లోపల తిరిగే రాగి తీగల చుట్ట, ఆర్మేచర్ అంటారు, కాలిపోతుంది. డ్రిల్లుకు బిట్టు బిగించే తాళంచెవి లాంటి ముక్క కూడా పోయింది. ఎవరి దగ్గర పోయిందంటే అందరి వేళ్లూ వాచ్‌మన్ వైపే చూపించాయి. మన అపార్ట్‌మెంట్లలో ఇదో జబ్బు. పోయిన ప్రతిదీ జీతం తక్కువున్న మనిషి తీసినట్టే మాట్లాడతారు.

నాకు మళ్లీ ఆ రామాలయం గుర్తొచ్చింది. డిపాజిట్ అడగని మాట నిజమే. కానీ మా పుట్టింటి ఊళ్లో కూడా చూశాను, ప్రతి గుండిగ మీదా ఇచ్చిన దాత పేరు చెక్కి ఉండేది. తిరిగిచ్చేటప్పుడు గుడి ముందు అందరూ చూస్తుండగా లెక్కపెట్టేవాళ్లు. బాబాయి గారు ఆ ముక్క వదిలేసి మిగతాది చెప్పారు! అమెరికాలో బర్కిలీ పబ్లిక్ లైబ్రరీ వాళ్లు 1979 నుంచి పనిముట్లు ఉచితంగా ఇస్తున్నారు, వాళ్లూ లైబ్రరీ కార్డు మీదే రాసుకుని ఇస్తారు.

అందుకని లిఫ్టు పక్కన తెల్లబోర్డు పెట్టాం. వస్తువు, ఫ్లాటు నంబరు, ఇస్తానన్న తేదీ. తేదీ దాటితే ఎర్ర స్కెచ్ పెన్నుతో ఒక గీత. అంతే. ఎవరింటికీ వెళ్లేది లేదు. మొదటి ఎర్ర గీత ఎవరికి పడిందో చెప్పక్కర్లేదు. ఆ సాయంత్రమే నిచ్చెన గదిలో ఉంది, గీత చెరిపేయమని ఫోనూ వచ్చింది. రేపు చెరుపుతానన్నా.

మీరూ పెట్టుకుంటే ఒకటి గమనించండి. అందరికీ ఒకే వారంలో కావాల్సిన వస్తువును పంచుకోవడం కుదరదు. ఆవకాయ రోజుల్లో కాయలు కొట్టే కత్తిపీట కోసం ఇద్దరు వదినామరదళ్లు మాట్లాడుకోవడం మానేశారు. ఇప్పుడు ఒక ఆదివారం సెల్లార్‌లో మనిషిని పెట్టి అందరి కాయలూ కొట్టిస్తున్నాం. డ్రిల్లు, నిచ్చెన ఏడాది పొడుగునా ఒక్కొక్కరికి ఒక్కోసారి కావాలి కాబట్టి సర్దుబాటవుతాయి. మోటారు ఎవరింటికీ ఇవ్వం, తుపాను వస్తే సెల్లార్‌కే. నీళ్లు లేకుండా ఆన్ చేస్తే సీల్ పోతుందని దాని మీదే రాసి అంటించా. డ్రిల్లు బిట్లు ఎవరివి వాళ్లే కొనుక్కోవాలి. బిట్టు బిగించే కొత్త తాళంచెవిని డ్రిల్లు వైరుకే కట్టేశా.

ఇప్పుడు కార్లున్నవాళ్లు ప్రెషర్ వాషర్ కొనమంటున్నారు. కార్లు లేని వాళ్ల డబ్బుతో ఎందుకని నేను. పైగా వేసవిలో నీళ్ల ట్యాంకర్లు తెప్పించుకునే మనకు కార్లు కడిగే మిషనెందుకు? ఆదివారం మీటింగ్ ఉంది. మా ఆయన వాళ్ల వైపే ఉన్నారు.