ఆకు లేని వసంతాన్ని గీసిన మూడు నెలలు

మాకు మాస్కోలో అది మొదటి ఏడాది. రష్యాలో మార్చి 1 నుంచే వసంతం లెక్క. బయట చూస్తే బురద, నల్లబడిన మంచు, మోడులైన చెట్లు. వసంతమంటే మామిడి చిగురు, కోయిల అనుకుంటూ పెరిగినదాన్ని, ఆ రోజుల్లో ఎంత దిగులుపడ్డానో చెప్పలేను.

అప్పుడే మా పెయింటింగ్ క్లాసులో టీచర్ ఒక పని ఇచ్చారు. పాత చిత్రకారుల బొమ్మ ఒకటి ఎంచుకుని ఆయిల్ రంగుల్లో నకలు వేయాలి. నేను అలెక్సీ సవ్రాసొవ్ బొమ్మ ‘గ్రచీ ప్రిలెతేలి’ ఎంచుకున్నాను. గ్రచీ అంటే కాకి జాతి పక్షులు, ఇంగ్లిష్‌లో రూక్ అంటారు. ‘రూక్‌లు వచ్చేశాయి’ అని ఆ పేరుకి అర్థం. గోడమీద కాకి అరిస్తే చుట్టాలొస్తారని మా అమ్మమ్మ అనేది. ఇక్కడ మార్చిలో ఈ కాకులే చుట్టాలు. దక్షిణం నుంచి తిరిగొచ్చి ఎత్తైన చెట్ల మీద గుంపుగా గూళ్లు కడితే, చలి వెళ్లిపోతోందని పల్లెల్లో అందరికీ తెలుస్తుంది.

అసలు బొమ్మ ట్రెత్యకోవ్ గ్యాలరీలో ఉంది. పెద్ద బొమ్మ అనుకుని వెళ్లాను. తీరా చూస్తే ఎత్తు 62 సెంటీమీటర్లు, వెడల్పు 48.5. ముందు కరుగుతున్న మంచు, వంకర బర్చ్ చెట్లు, వాటి మీద గూళ్లు. వెనక చెక్క కంచె, పాత చర్చి, కోసుగా లేచిన గంట గోపురం, ఆ పైన బూడిదరంగు మబ్బులు. ఇంతే. అయినా ముప్పావుగంట కదల్లేకపోయాను.

రంగుల దగ్గరే మొదటి టెన్షన్. ఫోన్‌లో బొమ్మ నీలంగా ఉంది, కొన్న ప్రింట్‌లో పసుపు తిరిగింది, గోడమీద ఉన్నది రెండిటిలా లేదు. అందుకే ఇంకో రెండుసార్లు వెళ్లి, పెన్సిల్‌తో నోట్‌బుక్‌లో రాసుకున్నాను: ఏది దేనికంటే ముదురు, ఏది చల్లన, ఏది వెచ్చన. బొమ్మంతా ఆ రాతల మీదే నడిచింది.

నా దగ్గరున్న కాన్వాస్ 50కి 40. ఆ కొలత అసలు బొమ్మకి సరిగ్గా సరిపోదు, ఎత్తులో ఒక సెంటీమీటరు తగ్గుతుంది. పైన ఆకాశంలోంచి వదులుకున్నాను. పల్చటి అంబర్ (మట్టి గోధుమరంగు) పూత పూసి, ఆరాక గళ్లు గీసి చెట్లు దించాను. టీచర్ చూసి, “చెట్లన్నీ నిటారుగా నిలబడ్డాయేంటి?” అన్నారు. నిజమే. నాకు తెలియకుండానే నా చేయి వంకరలు సరిచేసేసింది. అవి గాలికి, మంచుకి ఒంగి పెరిగిన చెట్లు. ఒక్కో వంపు కొలుచుకుని మళ్లీ గీశాను.

మంచు మాత్రం నెలన్నర తినేసింది. మొదట టైటానియం వైట్ దండిగా వేశాను. పిండి ఒలకబోసినట్టు కనిపించింది. “ఇందులో తెలుపు ఎక్కడుందో చూపించు” అన్నారు టీచర్. ప్రింట్ మీద వేలు పెట్టి వెతికాను, వట్టి తెలుపు నాకెక్కడా దొరకలేదు. అప్పుడు అల్ట్రామెరీన్ నీలం, బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమరంగు కలిపి, కొంచెం కొంచెం తెలుపు చేరుస్తూ ప్యాలెట్ మీద బూడిదరంగుల వరస ఒకటి పేర్చుకున్నాను. నీలం ఎక్కువైతే చలి, అంబర్ ఎక్కువైతే బురద. కంచె దగ్గర ఒక రంగు, మడుగు పక్కన ఇంకొకటి, చెట్టు మొదట్లో మరొకటి. ఆ వరస కుదిరాక కిటికీలోంచి చూస్తే మా వీధి మంచులోనూ అవే రంగులు! నేను దిగులుపడ్డ ఆ బురదలో ఇన్ని రంగులున్నాయా అని ఏడుపొచ్చింది.

కొమ్మల దగ్గర తొందరపడ్డాను. ఆకాశం ఆరకముందే గీస్తే రంగు కలిసిపోయి మురికైంది. గీకేసి, ఆకాశం మళ్లీ వేసి, పది రోజులు ఆగాను. తర్వాత రంగుని టర్పెంటైన్‌తో పల్చన చేసి, సన్నటి పొడుగు కుంచెతో, మాను నుంచి కొసకి, చివర్లో చేయి తేలిక చేస్తూ గీస్తే కొమ్మలు నిలబడ్డాయి.

ఆరే రోజుల్లో సవ్రాసొవ్ గురించి చదివాను. కొస్త్రోమా ప్రాంతంలోని మొల్వితినో అనే పల్లెలో ఈ బొమ్మకి చిత్తులు గీసుకున్నాడు. ఇప్పుడు ఆ ఊరి పేరు సుసానినో. 1871లో బొమ్మ పూర్తయింది, ఆ ఏడాదే పెరెద్విజ్నికీ, అంటే ఊరూరా తిరిగి ప్రదర్శనలు పెట్టే చిత్రకారుల బృందం, మొదటి ప్రదర్శనలో పెట్టారు. ఆ ఏడాదే ఆయన పసిబిడ్డ చనిపోయింది. లెవితాన్, కొరోవిన్ లాంటి పేరున్న చిత్రకారులకి గురువైన మనిషి, 1882లో ఉద్యోగం పోయి, తాగుడులో, పేదరికంలో 1897లో పోయాడు. చివరి రోజుల్లో పొట్టకూటికి ఈ బొమ్మకే తన చేత్తో నకళ్లు వేసి అమ్ముకున్నాడట. అది చదివాక రెండు రోజులు కుంచె పట్టుకోలేదు.

అన్నిటికంటే చివర, చెట్టు కింద నేలమీద ఉన్న పక్షి. ముక్కున పుల్ల పట్టుకుని ఉంటుంది. నా కాన్వాస్ మీద గోరంత కూడా లేదు. ఊపిరి బిగబట్టి పుల్లని ఒకే గీతలో వేశాను.

కాన్వాస్ వెనక సవ్రాసొవ్ పేరు, 1871, ‘నకలు’ అన్న మాట, నా పేరు రాశాను. ముందువైపు సంతకం పెట్టలేదు.